కరక్కాయ చుట్టూ ఖాళీ

ఆ రోజు నాతో ఏటూరునాగారం రావలసింది మా ల్యాబ్‌లో పరిశోధన చేసే ఇంకో అమ్మాయి. పొద్దున్నే ఫోన్ చేసి జ్వరమని చెప్పింది. నేను సంచులు సర్దుకుని ఒంటరిగానే బయలుదేరబోతుంటే బాపు చెప్పుల్లో కాళ్ళు పెట్టుకున్నాడు.

“ఒక్కదానివే అడవిల ఏం తిరుగుతవ్ బిడ్డా. పడుగు అయిపోయింది, మగ్గం ఖాళీగనే ఉంది. నేనొస్త పా.”

మాది కొత్తవాడ. బాపు జంపఖానాలు నేస్తాడు. అమ్మ నూలు కండెలు చుడుతుంది. ఇంటి ముందు గదంతా మగ్గమే, వెనక గదిలో మేము. నేను అప్పుడు హనుమకొండలో సూక్ష్మజీవశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. చెట్ల కాయలు, బెరళ్ళు, ఆకుల నుంచి సారం తీసి, గాయాల్లో చీము పట్టించే బ్యాక్టీరియాను అది చంపుతుందో లేదో చూడడం నా పని. ఎవరైనా అడిగితే బాపు “మా బిడ్డ చెట్లమందు మీద సదువుతాంది” అని చెప్పేవాడు. అది పూర్తిగా నిజం కాదు గాని నేనెప్పుడూ సరిదిద్దలేదు.

బస్సులో బాపు కిటికీ పక్కన కూర్చుని ములుగు దాటేదాకా నిద్రపోయాడు. తర్వాత లేచి, రెండు పక్కలా చెట్లు దగ్గరవుతుంటే చూస్తూ కూర్చున్నాడు. ఆయన నేసిన జంపఖానాలు ఎక్కడెక్కడికో పోయాయి గాని ఆయన మాత్రం పెద్దగా ఎక్కడికీ పోలేదు. అడవి అంచు ఊళ్ళో అటవీశాఖ మనిషిని కలిసి, ఆయన వెంట కరక్కాయ చెట్లున్న చోటికి నడిచాం. అనుమతి మా గైడ్ మేడం ముందే తీసుకుంది. చలికాలం. రాలిన కాయలు ఎండుటాకుల కింద దాక్కుని ఉన్నాయి. బాపు వంగి ఒక్కొక్కటీ ఏరి, పురుగు పట్టినవి పక్కకు పారేస్తూ సంచి నింపాడు. ఒక కాయ కొరికి మొహం వికారంగా పెట్టి, “గీ వగరుకే చస్తయి నీ పురుగులు” అన్నాడు. అటవీశాఖ మనిషి నవ్వాడు. ఆ సంచి బాపే భుజాన వేసుకుని బస్సు దాకా మోశాడు. నన్ను ముట్టుకోనివ్వలేదు.

ఇంటికి వచ్చేసరికి సాయంత్రమైంది. బాపు చెప్పులు విడిచి లోపలికి నడిచాడు. అమ్మ చాయ్ తెస్తూ నేల మీద చూసి ఆగిపోయింది. గచ్చు మీద గడప నుంచి మంచం దాకా అడుగడుగుకూ ఎర్రటి మరక.

“ఏమయ్యా, కాలికేమైంది?”

“ఏం గాలే.”

“నెత్తురు కారుతాంది. సూడు.”

బాపు కాలు ఎత్తి చూసుకున్నాడు. బొటనవేలి మొదట్లో, పాదం మెత్తటి భాగంలో, తుమ్మముల్లు దిగి ఉంది. రబ్బరు చెప్పును చీల్చుకుని దిగి, విరిగి లోపలే ఉండిపోయింది. దాని మీదే ఆయన అడవిలో తిరిగాడు, సంచి మోశాడు, బస్సెక్కాడు, దిగాడు, మా గల్లీ దాకా నడిచాడు.

“నొస్తలేదా?” అంది అమ్మ.

బాపు ముల్లును వేలితో తట్టాడు. “లేదే” అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఆశ్చర్యం వినిపించింది.

బాపుకు షుగర్ ఉంది. గోళీలు వేసుకునేవాడు. అంతకు ముందు కొన్నాళ్ళపాటు పాదాల మీద చీమలు పాకుతున్నట్టు ఉందని, మంటగా ఉందని అనేవాడు. తర్వాత ఆ మాట మానేశాడు. తగ్గిందనుకున్నాం. స్పర్శ పోయినవాడికి చీమలు కూడా పాకవని మాకు తట్టలేదు. ఆయనకూ తట్టలేదు. మగ్గం పలకలు తొక్కడానికి కాలికి బలం ఉంటే చాలు, ఆ బలం ఆయనకు ఉంది.

మర్నాడు పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ముల్లు తీయించాం, ఇంజెక్షన్ ఇప్పించాం, చెప్పిన గోళీలు చెప్పినట్టు వాడాం, కట్లు మార్పించాం. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత పలకరించడానికి వచ్చిన వాళ్ళంతా మొదట అదే అడిగారు. ముందుగాల సూపించలేదా అని. చూపించాం. చేయవలసిందంతా చేశాం. పైన గాయం మూసుకుంది కూడా. బాపు కొత్త పడుగు ఎక్కించి మళ్ళీ మగ్గం గుంతలో దిగాడు.

నేను కరక్కాయల్ని నీడలో ఆరబెట్టి, దంచి పొడి చేసి, సారం తీశాను. మా పని ఎలా ఉంటుందంటే, గుండ్రటి పళ్ళెంలో బ్యాక్టీరియా పెరగడానికి అగర్ అనే జిగురు పోస్తాం. అది గడ్డకట్టాక దాని మీద బ్యాక్టీరియాను దూదిపుల్లతో పూస్తాం. అగర్‌లో చిన్న గుంట చేసి, అందులో సారం చుక్కలు వేసి వెచ్చటి పెట్టెలో పెడతాం. మర్నాటికి పళ్ళెమంతా బ్యాక్టీరియా పలచటి పాచిలా పరుచుకుంటుంది. సారానికి అది లొంగేదైతే గుంట చుట్టూ ఏమీ పెరగని చోటు గుండ్రంగా మిగులుతుంది. ఆ ఖాళీ ఎంత ఉందో స్కేలుతో కొలుస్తాం. పక్కనే ఇంకో గుంటలో సారం లేకుండా ఉత్త ద్రావకం వేసి, దాని చుట్టూ ఖాళీ రాలేదని చూసుకుంటాం. మేము వెతికేది ఆ ఖాళీనే. కరక్కాయ నన్ను ఎప్పుడూ నిరాశపరచలేదు. మామూలు చీము బ్యాక్టీరియాల మీద చక్కటి ఖాళీలు ఇచ్చేది.

ఒక రోజు ల్యాబ్ నుంచి ఇంటికి వచ్చి బాపు పక్కన కూర్చున్నాను. వాసన వచ్చింది. కుళ్ళిన వాసన కాదు, తియ్యటి వాసన, ద్రాక్షపళ్ళు మాగినట్టు. ఇంట్లో ద్రాక్షపళ్ళు లేవు. నా బట్టలకు అంటుకుని వచ్చిందేమో అనుకున్నాను, ఎందుకంటే ఆ వాసన నేను రోజూ చూసేదే. సూడోమొనాస్ అనే బ్యాక్టీరియా పెరిగిన పళ్ళెం మూత తీస్తే అదే వాసన. బాపు కాలు ఒళ్ళోకి తీసుకుని చూశాను. మూసుకున్న గాయం పక్కన చర్మం ఉబ్బి, లోపల మెత్తగా ఉంది. దూది పెట్టి నొక్కితే పచ్చటి తడి అంటింది. బొటనవేలు నల్లబడడం మొదలైంది.

“ఏంది బిడ్డా?” అన్నాడు బాపు.

“రేపు పెద్దదవాఖానకు పోదాం బాపూ.”

“పడుగు సగం ఉన్నది.”

“ఉండనియ్.”

దాని పేరు నాకు రిపోర్టు రాకముందే తెలుసు. తెలిసి ఏం లాభం కలిగిందో ఇప్పటికీ చెప్పలేను. దవాఖానలో చీము పరీక్షకు పంపారు. వచ్చిన జవాబు నేననుకున్నదే. చాలా మందులకు లొంగనిది. లొంగే మందు ఒకటుంది, దాన్ని నరంలోకి ఎక్కించడం మొదలుపెట్టారు. బొటనవేలు తీసేశారు. సర్జన్ మంచివాడు, కోపం లేకుండా మాట్లాడేవాడు. నన్ను పక్కకు పిలిచి బాపు కాలి రక్తనాళాల బొమ్మ చూపించాడు.

“చూడమ్మా, మందు కరెక్టే. కానీ రక్తం పాదం దాకా పోతలేదు. రక్తం పోనిచోటికి మందు ఎట్ల పోతది?”

నేను తలూపాను. అది నాకు చాలా సులభంగా అర్థమైంది.

ఇంట్లో ఇంకా కొన్ని కరక్కాయలు మిగిలి ఉన్నాయి. అమ్మ వాటిని ఉడకబెట్టి చల్లార్చి సీసాలో పోసుకుని దవాఖానకు తెచ్చింది. మంచం కింద సంచిలో దాచి, నర్సు అటు పోగానే నాకు చూపించింది.

“గిది పెట్టి కడుగుదామానె? నువ్వే చెప్పు. నువ్వు గిదే గదా సదువుతానవ్.”

“వద్దమ్మా.”

“నీ ల్యాబ్‌ల చస్తలేవా పురుగులు?”

“ఆడ పళ్ళెం మీద ఉంటయమ్మా. ఈడ లోపట ఉన్నయ్, బొక్క దాకా.”

బాపు కళ్ళు మూసుకుని ఉన్నాడు, నిద్రపోయాడనుకున్నాం. కళ్ళు తెరవకుండానే, “వద్దంటే వద్దనే, దానికి తెలుస్తది” అన్నాడు. అమ్మ సీసా మూత బిగించి మళ్ళీ సంచిలో పెట్టుకుంది. తర్వాత దాన్ని బాత్‌రూంలో పారబోసినట్టుంది. ఖాళీ సీసాలో నీళ్ళు పట్టుకొచ్చి బాపుకు తాగించింది.

మా ల్యాబ్‌కు కొత్త బ్యాక్టీరియాలు ఆ దవాఖాన నుంచే వచ్చేవి. రోగుల పేర్లు ఉండవు, నంబర్లు మాత్రమే ఉంటాయి. ఈసారి వచ్చేవాటిలో బాపుది కూడా ఉందని మేడంకు తెలిసింది. నన్ను పిలిచి, “ఇది నువ్వు చెయ్యకు, ఇంకెవరితోనన్న చేయిస్త. అసలు వద్దంటే పక్కకు పెడదాం” అంది.

ఆ సాయంత్రం బాపును అడిగాను. ఆయన పురుగును నా ప్రయోగంలో వాడుకోవచ్చా అని.

“నా కాల్లదే గదా. ఈడుండి ఏం చేస్తది. నీకు అక్కరకొస్తే తీస్కపో.”

“నేనే చేస్త మేడం” అని మర్నాడు చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. కోపంతో కాదు, ఆశతో కాదు. చేతులకు ఆ పని అలవాటు. అవి చేయడానికి సిద్ధంగా ఉన్నాయి.

పళ్ళేలు పూసి వెచ్చటి పెట్టెలో పెట్టి దవాఖానకు వెళ్ళేసరికి సర్జన్ బాపు మంచం దగ్గరే ఉన్నాడు. విషం పైకి పాకుతోందని, ఇక ఆగితే ప్రాణానికే ముప్పని, రేపే ఆపరేషన్ అని చెబుతున్నాడు. మోకాలి కింద నుంచి తీసేయాలి. అమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. బాపు అంతా విని ఒకే ఒక్క మాట అడిగాడు.

“మోకాలు ఉంచుతరా సార్?”

“ఉంచుతం. అందుకే తొందర పడుతున్నం.”

“మోకాలుంటే లేస్త” అన్నాడు బాపు. తర్వాత నా వైపు తిరిగి, “మగ్గం మీద బట్ట కప్పిన్రా? దుమ్ము పడుతది” అన్నాడు.

మర్నాడు ఆపరేషన్‌కు తీసుకుపోయే ముందు నేను ల్యాబ్‌కు వెళ్ళాను. పళ్ళేలు ఆ పొద్దున చూడాలి, ఆలస్యమైతే పాడవుతాయి. పెట్టె తెరిచి వాటిని కిటికీ దగ్గరికి తెచ్చాను. బాపు బ్యాక్టీరియా పళ్ళెమంతా పచ్చగా పరుచుకుని ఉంది. దవాఖానలో వాడే మందుల బిళ్ళలు పెట్టిన పళ్ళెంలో అది చాలా బిళ్ళల అంచుల దాకా వచ్చి ఒరుసుకుని పెరిగింది. కరక్కాయ పళ్ళెంలో గుంట చుట్టూ ఖాళీ ఉంది. అంచు కత్తితో గీసినట్టు స్పష్టంగా ఉంది. ఉత్త ద్రావకం గుంట చుట్టూ ఖాళీ లేదు. స్కేలు పెట్టి కొలిచాను. ఫోటో తీశాను. వెలుతురు సరిగా పడలేదని మళ్ళీ తీశాను.

మేడం వచ్చి వెనక నిలబడింది. పళ్ళెం చూసింది, నన్ను చూసింది.

“ఇయ్యాల ఎందుకొచ్చినవ్?”

“ఇయ్యాల చూడకపోతే ఖరాబైతది మేడం.”

ఆమె కారు తాళాలు తీసుకుంది. తన కారులో దవాఖాన గేటు దాకా దింపింది.

అప్పటికే బాపును లోపలికి తీసుకుపోయారు. అమ్మ ఆపరేషన్ గది ముందు నేల మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను.

“ఏడికి పోయినవే?”

“ల్యాబ్‌కు.”

“గంత పనేమున్నదే గాడ?”

“పళ్ళెం చూసేదుండె. చచ్చింది.”

“ఏం చచ్చింది?”

“బాపు కాల్లున్న పురుగు. కరక్కాయకు చచ్చింది.”

అమ్మ నన్ను చూసింది. తర్వాత ఎదురుగా మూసి ఉన్న తలుపు వైపు చూసింది.

“మరి కాలెందుకు కోస్తాన్రే?”

జవాబు నాకు తెలుసు, సర్జన్ చెప్పినట్టే చెప్పగలను. కాని ఆమె అడిగింది అది కాదు. ఇద్దరం తలుపు వైపే చూస్తూ కూర్చున్నాం. ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూశాను. రాలేదు. ఎదురుగా గోడ మీద బల్లి ఒకటి ట్యూబ్‌లైట్ వెనక నుంచి వచ్చి మళ్ళీ వెనక్కి పోయింది. దాన్నే చూశాను.

కొంతసేపటికి ఆకుపచ్చ బట్టల్లో ఒక మనిషి తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. మమ్మల్ని పోల్చుకుని దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

“కాలు మీరు తీస్కపోతరా అమ్మా, మమ్మల్నే చూస్కోమంటరా? కొందరు తీస్కపోయి పూడ్సిపెడతరు.”

అమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా వైపు చూసింది.

“మీరే చూసుకోండ్రి” అన్నాను. అలాంటివి పోయేచోటు నాకు తెలుసు. పసుపు సంచి, తర్వాత మంట. మా ల్యాబ్‌లో వాడేసినవి వేసేదీ అదే రంగు సంచిలో.

మా చుట్టాల్లో ఒకావిడ చూడడానికి వచ్చి అమ్మతో అన్నదట, “నీ బిడ్డ రాయిలెక్క ఉన్నది, ఒక్క చుక్క రాలలే” అని. అమ్మ ఆ మాట నాకు చెప్పింది గాని తిట్టినట్టు చెప్పలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది.

బాపుకు తెలివి వచ్చింది. మూడో రోజు పొద్దున నేను దుప్పటి సర్దుతుంటే మొహం చిట్లించాడు.

“బొటనేలు గుంజుతాంది బిడ్డా.”

“ఏ కాలు బాపూ?”

ఆయన లేని కాలి వైపు చూపించాడు. దుప్పటి మోకాలి కింద నుంచి మంచానికి అతుక్కుని ఉంది.

“ఉన్నన్ని రోజులు ముల్లు గుచ్చినా తెల్వలే. ఇప్పుడు గుంజుతాంది. మండుతాంది. జర నిమురు.”

అలా అవుతుందని, మెదడుకు కాలు పోయిన సంగతి వెంటనే తెలియదని సర్జన్ ముందే చెప్పాడు. దానికి గోళీలు కూడా ఉన్నాయి. అవి వేశాను. అయినా బాపు నా చేతి వైపే చూస్తున్నాడు. వంగి, పాదం ఉండవలసిన చోట దుప్పటి మీద చెయ్యి పెట్టి నిమిరాను. ఉత్త పరుపును నిమిరాను. కాసేపటికి బాపు మొహం సడలింది.

“ఆ, గాడనే” అన్నాడు.

పక్క మంచం మీద ముసలాయన అటు తిరిగి పడుకున్నాడు. నేను నిమురుతూనే ఉన్నాను. చాయ్ అమ్మేవాడు వచ్చేదాకా.

పీహెచ్‌డీ పూర్తయింది. సెమినార్‌లో ఆ పళ్ళెం ఫోటో తెర మీద పెద్దదిగా పడింది. నంబరు చెప్పి, ఏ మందులకు లొంగదో చెప్పి, కరక్కాయ సారం చుట్టూ వచ్చిన ఖాళీని లేజర్ చుక్కతో చూపించాను. గొంతు మామూలుగానే ఉంది. ముందు వరుసలో ఒక పెద్దాయన, “చాలా క్లియర్‌గ వచ్చిందమ్మా. దీన్ని మందుగా తేవడానికి అడ్డేముంది?” అని అడిగాడు. పళ్ళెం వేరు, ఒళ్ళు వేరు అన్నాను. ఎంత మోతాదులో ఇస్తే పనిచేస్తుందో, అంత మోతాదు మన కణాలను ఏం చేస్తుందో, గాయం లోతుకు చేరుతుందో లేదో ఇంకా తెలియదని అన్నాను. జంతువుల మీద, తర్వాత మనుషుల మీద ఎన్నో పరీక్షలు జరగాలి అన్నాను. ఆయన బాగుందని తలూపాడు. మేడం మాత్రం నేను మాట్లాడినంతసేపూ తెర వైపు చూడలేదు, కిటికీ వైపు చూసింది. చప్పట్లు కొట్టారు. బయట సమోసాలు పెట్టారు. రెండు తిన్నాను.

ఇప్పుడు సుబేదారిలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. బాపుకు పెట్టుడు కాలు వచ్చింది. దానితో గల్లీ చివరి దాకా నడుస్తాడు, చాయ్ హోటల్ దాకా పోతాడు. మగ్గంలో మాత్రం దిగలేడు. గుంతలో కూర్చుని రెండు కాళ్ళతో పలకలు మార్చి మార్చి తొక్కాలి, ఆ కాలికి పలక ఎక్కడుందో తెలియదు. ప్రయత్నించాడు. పోగులు చిక్కుపడ్డాయి. లేచి బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

కొన్నాళ్ళు మగ్గం మీద బట్ట అలాగే ఉంది. ఒక రోజు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి పంజాతో పోగులు దగ్గరికి కొట్టే చప్పుడు వినిపించింది. లోపల అమ్మ మగ్గంలో కూర్చుని నేస్తోంది. ఇన్నేళ్ళు కండెలు చుట్టి ఇచ్చిందే గాని ఆమె మగ్గంలో దిగడం నేనెప్పుడూ చూడలేదు. బాపు కుర్చీలో కూర్చుని రాట్నం మీద కండె చుడుతున్నాడు.

“గట్టిగ కొట్టకు, అంచు గుంజుకపోతది” అంటున్నాడు.

“నాకు తెల్వదా? నలభై ఏండ్ల సంది చూస్తలేనా?”

“చూసుడు వేరే.”

“అయితే నువ్వే కొట్టు.”

రాట్నం మళ్ళీ తిరిగింది. ఆ జంపఖానా అంచు నిజంగానే ఒక పక్క గుంజుకుపోయింది. దాన్ని అమ్మలేదు, ఇంట్లోనే పరుచుకున్నాం. తర్వాతవి బాగానే వచ్చాయి.

సాయంత్రం పూట బాపు రెండో పాదాన్ని నేను చూస్తాను. వేళ్ళ మధ్య, మడమ కింద, గోళ్ళ పక్కన. కడిగి తుడిచి, కళ్ళు మూసుకోమని చెప్పి, వేలితో అక్కడక్కడా తాకి తెలుస్తోందా అని అడుగుతాను. డాక్టరు అలా చూడమన్నాడు.

మొన్న కూడా అడిగాను.

“తెలుస్తాందా బాపూ?”

“ఆ, తెలుస్తాంది.”

నేనింకా తాకలేదు. బాపు కళ్ళు మూసుకునే ఉన్నాడు, మొహం ప్రశాంతంగా ఉంది. మగ్గంలోంచి అమ్మ మా వైపు చూసి మళ్ళీ పోగుల వైపు తిరిగింది. అప్పుడు బొటనవేలి మొదట్లో వేలు ఆనించి, కొంచెం గట్టిగా నొక్కాను.

“ఇప్పుడు?”

“ఇప్పుడు సుత తెలుస్తాంది.”

“సరే” అని మేజోడు తొడిగి, కాలు నెమ్మదిగా కింద పెట్టాను. మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాను. బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చుని, ఎందుకు పోతున్నామని అడగలేదు.